క్రొత్త సంవత్సరపు గురికి ఒక గడియ

సంవత్సరాంతపు పాఠము
పాఠ్యభాగములు: కీర్తన 90, లూకా 14:28–30, యాకోబు 4:13–17, మార్కు 1–3 అధ్యాయములు



డిసెంబరు 31 రాత్రి కూడికలో తీర్మానములు చేసికొనుట మన సంఘములలో పెద్దల నాటినుండి వచ్చుచున్న అలవాటు. షోలాపురములోనైనా, పెరంబూరులోనైనా, బరంపురములోనైనా ఆ రాత్రి ప్రతి ఒక్కరి మనస్సులో ఏదో ఒక మాట ఉండును. జనవరి మూడవ వారము వచ్చుసరికి ఆ మాట ఏమైపోవునో కూడ మనకు తెలిసినదే. అందుచేత ఈ పాఠములో మీకు క్రొత్త తీర్మానములు నేర్పుటకు మేము పూనుకొనుట లేదు. చేసికొన్న తీర్మానము పన్నెండు నెలలు నిలుచుటకు ఏమి కావలెనో, మేము చేసిన పొరపాట్లతో సహా మీ ముందు పెట్టుచున్నాము.

ఒక బైబిలు అంచులు

కొన్ని సంవత్సరముల క్రిందట కోలారు బంగారు గనుల ప్రాంతమునుండి ఒక యువకుడు మా యొద్దకు వచ్చినాడు. చేతిలో పాత చీర ముక్కలో చుట్టిన తెలుగు బైబిలు ఉన్నది. అది అతని నాయనమ్మది. ఆమె ప్రభువునొద్దకు వెళ్లి అప్పటికి నెల రోజులైనది. ఆమె భర్త నెల్లూరు ప్రాంతమునుండి గనిపనికి వచ్చినవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి గాని ఆ కుటుంబము మాత్రము అక్కడే ఉండిపోయినది. యువకుడు కన్నడములో చదువుకొని, బెంగుళూరులో ఇంగ్లీషుతో ఉద్యోగము చేయుచు, ఇంట్లో తెలుగు మాట్లాడును. తెలుగు అక్షరము మాత్రము రాదు.

బైబిలు అంచుల నిండ నాయనమ్మ పెన్సిలుతో వ్రాసిన వ్రాతలు ఉన్నవి. "అయ్యగారూ, ఇందులో నా గురించి ఏమైనా రాసిందా?" అని అడిగినాడు.

రెండు గంటలు కూర్చుండి చదివి వినిపించినాము. పిల్లలు పుట్టిన తేదీలు, ఊరిలో పోయినవారి పేర్లు, ఎవరికో ఇవ్వవలసిన బాకీ, ఒక చోట కిరాణా లెక్క కూడ ఉన్నది. 103వ కీర్తన ప్రక్కన "చిన్నోడికి జ్వరం తగ్గింది" అని వ్రాసి క్రింద తేదీ వేసినది. ఆ చిన్నోడు ఇతడే. మరల చదువుమన్నాడు. మూడవసారి చదువునప్పుడు తన వ్రేలు ఆ అక్షరముల క్రింద పెట్టి, "ఇందులో జ్వరం ఎక్కడ ఉంది?" అని అడిగినాడు.

ఆ సంవత్సరాంతపు కూడికలో అందరికి చిన్న చీటీలు ఇచ్చి, రాబోవు సంవత్సరపు తీర్మానము వ్రాయుమన్నాము. అతడు ఇంగ్లీషు అక్షరములతో "తెలుగు చదవడం నేర్చుకుంటాను" అని వ్రాసినాడు. చీటీలన్నియు ఒక రేకు పెట్టెలో వేసి, ప్రార్థన చేసి, పెట్టెను బీరువా మీద పెట్టినాము. మరుసటి డిసెంబరులో అతనిని అడిగితే తల వంచుకొని, మూడు అక్షరములు కూడ రాలేదన్నాడు. అతని తప్పు ఎంతో మా తప్పు అంతకంటె ఎక్కువ. సంవత్సరమంతా మేము ఒక్కసారియైనను అతనిని అడుగలేదు, పెట్టె మూత తీయనూ లేదు.

ఆ రాత్రి పెట్టె దింపి చూచినాము. నలువదికి పైగా చీటీలు ఉన్నవి. ప్రార్థన ఎక్కువ చేస్తాను. బైబిలు క్రమంగా చదువుతాను. కోపం తగ్గించుకుంటాను. అప్పులు తీరుస్తాను. అన్నియు మంచి మాటలే. అయితే ఏ వేళకు, ఏ చోట, ఎంత, ఎవరితో అన్నది దాదాపు ఎవరును వ్రాయలేదు. ఒక తల్లి చీటీ మాత్రము వేరుగా ఉన్నది. "రాత్రి అన్నాలైనాక, గిన్నెలు తోమకముందు, పాపచేత రెండు వచనాలు" అని వ్రాసినది. ఆమెను పిలిచి అడిగితే, మధ్యమధ్య తప్పినను ఆ పని ఆగలేదని చెప్పినది. గిన్నెలు ప్రతిరాత్రి తోమవలసినవే గదా, వాటిని చూచినప్పుడు వచనములు గుర్తుకు వచ్చెడివట.

మేము చదివిన పుస్తకములన్నిటికంటె ఆ చీటీయే మాకు ఎక్కువ నేర్పినది. గురి పెట్టుకొనుట సులభము, ఎవరైనను పెట్టుకొందురు. ఆ గురికి దినములో ఒక గడియ కేటాయించి, ఆ గడియను ఇంట్లో ఎట్లును జరుగు పనికి ముడివేయుట మాత్రము అరుదు. పూర్వము గడియ అనగా ఇరవైనాలుగు నిమిషములు. మనలో అనేకులకు అంత కూడ అక్కరలేదు.

ఆ యువకునితో మరల కూర్చున్నాము. "ఖాళీ ఎక్కడిది అయ్యగారూ? పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కితే రాత్రికి గాని ఇల్లు చేరను" అన్నాడు. గనులు మూసిన తరువాత ఆ ప్రాంతమునుండి బెంగుళూరుకు రోజూ రైలులో పోయి వచ్చువారు వేలాదిమంది. రైలులో ఏమి చేయుదువని అడిగితే, ఫోను చూచుట, నిద్రపోవుట అన్నాడు. అప్పుడు ఒక ఏర్పాటు చేసికొన్నాము. బంగారుపేట దాటినది మొదలు మాలూరు వచ్చువరకు పెద్దబాలశిక్ష తీయవలెను. మాలూరు రాగానే మూసి సంచిలో పెట్టి నిద్రపోవచ్చును. తిరుగు ప్రయాణములో ఏమియు లేదు, అలసిన మనిషిని బలవంతపెట్టరాదు.

కన్నడము వచ్చినవానికి తెలుగు లిపి దగ్గరిది గనుక ఉగాది నాటికి కూడబలుకుకొని చదువగలిగినాడు. ముద్రిత బైబిలు ఆగస్టుకు వచ్చినది. నాయనమ్మ చేతివ్రాతకు డిసెంబరు పట్టినది. ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆనాడు మేము చదివి వినిపించునప్పుడు ఒక వాక్యమును కావాలనే దాటవేసినాము. అది ఇంటి గొడవను గూర్చినది. దానిని కూడ అతడు తనంతట చదువుకొన్నాడు. మమ్మును ఏమియు అనలేదు గాని చదివినానని మాత్రము చెప్పినాడు.

కేరీ గారి ఆరు గంటల వేళ

విలియం కేరీ గారి పేరు బాప్తిస్టులలో తెలియనివారు లేరు. చెప్పులు కుట్టు పనినుండి వచ్చి, 1793లో బెంగాలు చేరినవాడు. ఆయన గొప్పతనము గూర్చి ప్రసంగములు చాల విన్నాము. ఆయన ఒక దినమును ఎట్లు గడిపినాడో మాత్రము తక్కువగా విన్నాము. 1806 జూన్‌లో కలకత్తానుండి స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో ఆయన ఆ దినమునంతటిని వేళలతో సహా చెప్పినాడు. అప్పటికి ఆయనకు 44 సంవత్సరములు, ఫోర్టు విలియం కాలేజీలో ఉపాధ్యాయుడు.

ఆరుకు పావుగంట ముందు లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివినాడు. ఏడు వరకు ఏకాంత ప్రార్థన. తరువాత పనివారితో బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ కాగు లోపల మున్షీతో కొంచెము పారసీకము. భోజనము కాగానే పండితునితో సంస్కృత రామాయణ తర్జుమా. పదింటినుండి కాలేజీ పాఠములు. తిరిగి వచ్చి బెంగాలీ యిర్మీయా గ్రంథపు అచ్చు ప్రతులు దిద్దుట. మధ్యాహ్నము మత్తయి సువార్త 8వ అధ్యాయములో ఎక్కువ భాగము సంస్కృతములోనికి తర్జుమా. ఇంతలో ఆరైనది.

ఆరు దాటిన తరువాత ఆయన ఒక తెలుగు పండితుని ప్రక్కన కూర్చుండి తెలుగు నేర్చుకొన్నాడు. సాయంకాలము ఒక అతిథి వచ్చినాడు. ఏడున్నరకు ప్రసంగము ఉన్నది. అనగా ఆ దినము తెలుగుకు దొరికినది గంటకంటె తక్కువ, అదియు రోజంతా పనిచేసి అలసిన మనిషికి దొరికిన కాలము.

ఆ సాయంకాలములు ఊరక పోలేదు. నడుమ పెద్ద దెబ్బ తగిలినది. 1812 మార్చి 11న శ్రీరామపురములోని ముద్రణాలయము కాలిపోయినది. ఆ మంటలలో ఆయన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడ పోయినదని జీవితచరిత్రలో చెప్పబడినది. ఆయన మరల మొదలుపెట్టినాడు. 1814లో ఆ వ్యాకరణము అచ్చయినది. 1818లో శ్రీరామపురమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది.

ఈ దినచర్యను చూచి, మనము కూడ ఇన్ని పనులు చేయవలెనని ఎవరును బెదిరిపోవద్దు. అది మన వంతు కాదు, మాదియు కాదు. మేము ఇక్కడ చూడుమనునది ఒక్కటే. "తెలుగు నేర్చుకొందును" అని ఆయన ఊరక అనుకొనలేదు, ఆరు దాటిన తరువాత అని దానికొక చోటు చూపినాడు. తెలుగు ఆయన మాతృభాష కాదు. తెలుగు దేశమునకు దూరముగా కలకత్తాలో కూర్చుండి ఆయన చేసినది, తెలుగు తల్లిభాషగా గల మన ఇండ్లలో మనము చేయలేకపోవుట ఎందుచేతనో ఆలోచించవలసినదే.

ఒక పెద్ద గురి, రెండు చిన్నవి

జోనతాన్ ఎడ్వర్డ్సు గారు 1722, 1723 సంవత్సరములలో, పందొమ్మిది ఏండ్ల ప్రాయమున, తనకొరకు 70 తీర్మానములు వ్రాసికొని వాటిని వారమునకొకసారి చదువుకొను నియమము పెట్టుకొన్నాడు. డెబ్బది ఆయనకు చెల్లినవి. మన అనుభవములో మూడు దాటిన చీటీ ఏదియు నిలువలేదు. ఒకటి పెద్దది, రెండు చిన్నవి చాలును. వారమునకొకసారి చదువుట మాత్రము ఆయనవద్ద తప్పక నేర్చుకొనవలసినది. మేము పెట్టెలో వేసి మూసినది ఆయన ప్రతి వారము తెరచినాడు.

గోపురము కట్టదలచినవాని ఉపమానములో ప్రభువు ముందుగా లెక్క చూచుకొనవలెనని చెప్పెను. మోషే 90వ కీర్తనలో, మనిషి ఆయుస్సు ఎంత కొద్దిదో తలంచి, తన దినముల లెక్క ఎరిగిన బుద్ధిని వేడుకొన్నాడు. మనము కూడ నిజముగా లెక్క వేయుదము. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములు ఉన్నవి. వారమునకు ఐదు దినములు, దినమునకు ఒక అధ్యాయము చొప్పున 52 వారములలో సరిగా పూర్తియగును. రెండు దినములు మిగులును, తప్పిపోయినది ఆ రెండింటిలో చదువుకొనవచ్చును. మొత్తము బైబిలులో 1,189 అధ్యాయములు. ఆరు దినములు మూడేసి, ఆదివారము ఐదు చొప్పున సంవత్సరములో ముగియును గాని, దానిలో మిగులు దినములు లేవు. పవర్‌లూములో పన్నెండు గంటలు నిలువబడి పనిచేయు భివండి సహోదరుడు ఈ రెండవ లెక్క పెట్టుకొని, ఫిబ్రవరిలో లేవీయకాండమునొద్ద ఆగి, "నా వల్ల కాదు" అని మొత్తము మానివేయుటకంటె, మొదటి లెక్కతో డిసెంబరు చేరుట మేలని మా అభిప్రాయము. కొందరు పెద్దలు దీనికి ఒప్పుకొనరని మాకు తెలుసు.

అలవాటు ఎన్నాళ్లకు స్థిరపడును? ఇరవైయొక్క దినములని చాలమంది చెప్పుదురు. లండను యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె తోటివారు 96 మందిని గమనించి 2010లో ఒక వ్యాసము ప్రకటించినారు. రోజూ ఒకే సందర్భములో చేయు చిన్న పని తనంతట జరుగు స్థితికి వచ్చుటకు సగటున 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే, కొందరికి 254 దినములని లెక్క తేలినది. జనవరి 1న మొదలుపెట్టిన పని సులభమగుటకు మార్చి మొదటివారము వరకు ఓపిక పట్టవలెనన్నమాట. కొందరికి వినాయక చవితి వచ్చినను సులభము కాకపోవచ్చును. అది వారి బలహీనత కాదు. ఒక దినము తప్పినందువలన అలవాటు చెడిపోలేదనికూడ అదే పరిశీలనలో కనబడినది. కావున మంగళవారము తప్పినవాడు బుధవారము చదువవలెను గాని మరుసటి జనవరి కొరకు కనిపెట్టుకొని ఉండనక్కరలేదు.

పిల్లల చదువు: ఇదియే ఈ సంవత్సరపు పెద్ద గురి

ఆ బైబిలు మా కండ్ల ముందు ఉన్నంతకాలము, వలస సంఘములలోని ప్రతి ఇంటికి పెద్ద గురి ఏది అని అడిగితే మేము ఒకటే చెప్పుదుము. ఇంట్లో పిల్లలు తెలుగు చదువవలెను. మన గుడులలో పిల్లలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠస్థముగా పాడుచున్నారు. కాగితముమీద ఆ పాటను తమిళములోనో, కన్నడములోనో, ఇంగ్లీషు అక్షరములలోనో వ్రాసికొనుచున్నారు. అమ్మ పాడినంతకాలము ఇది చాలును. పెద్దలు పోయిన తరువాత బల్లమీది పుస్తకమును ఎవరు తెరచుదురు? బడులు ఈ పని చేయవు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టము ప్రకారము ఒకటవ తరగతినుండి అంచెలంచెలుగా తమిళము తప్పనిసరియైనది. ఇతర రాష్ట్రములలో కూడ మన పిల్లలకు ఆ రాష్ట్రపు భాషయే ముందు. అది న్యాయమే, ఆ భాషలు మన పిల్లలకు అన్నము పెట్టునవి. తెలుగు అక్షరము మాత్రము ఇంటివారి భారము.

యానాములో ఉన్నవారికి ఈ బాధ లేదు. పరిపాలన పుదుచ్చేరిది, వీధి భాష తెలుగే. వారు తమ పెద్ద గురిని వేరొకటి పెట్టుకొనవచ్చును. వారి పిల్లలు సెలవులలో చుట్టములుగా వచ్చినప్పుడు మన పిల్లలకు నేర్పినయెడల ఇంకను మంచిది.

ఏ రాష్ట్రములో ఉన్నామో దానినిబట్టి ఏర్పాటు మారును. కర్ణాటకలోని పిల్లలకు సగము పని ముందే అయిపోయినది. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లినుండి పుట్టినవి. తలకట్టు రూపము, క, చ వంటి కొన్ని అక్షరముల ఆకారము చూపించితే మిగిలినది పోలికనుబట్టి వారే పట్టుకొందురు. మహారాష్ట్ర, ఒడిశా పిల్లలకు అక్షరముల ఆకారము క్రొత్త గాని వరుస క్రొత్త కాదు. క ఖ గ ఘ అని మరాఠీలోను, ఒడియాలోను అదే వరుసలో నేర్చుకొన్నవారు. అందుచేత వారికి అక్షరములు కలగాపులగముగా గాక, ఆ వరుసలోనే నేర్పవలెను. తమిళనాడు పిల్లలకు కొంచెము ఎక్కువ ఓర్పు కావలెను. తమిళములో హల్లులు పదునెనిమిదే, క, గ రెండింటికి ఒకటే అక్షరము. అందుచేత ఖ, ఘ, ఛ, ఝ దగ్గర ఆగిపోవుదురు. ఒత్తులు మరియు కష్టము, తమిళ లిపిలో అక్షరము క్రింద అక్షరము వ్రాయుట లేదు గదా. "క్రీస్తు" అను మాటలోనే రెండు ఒత్తులు ఉన్నవి. ఆ మాటతోనే మొదలుపెట్టి నేర్పిన ఒక తల్లిని మేము పెరంబూరులో చూచినాము.

ఏమియు రాని పిల్లవానికి ఒక సంవత్సరపు ఏర్పాటు చెప్పుచున్నాము. వెనుకనుండి లెక్కించుదము. క్రిస్మసు ఆరాధనలో లూకా సువార్త 2వ అధ్యాయము మొదటి 20 వచనములు ఆ పిల్లవాడు బైబిలు చూచి చదువవలెను. కంఠస్థము చేసి చెప్పుట కాదు, చూచి చదువుట. దానికి ముందు సెప్టెంబరు 1నుండి దినమునకు ఒక వచనము చొప్పున మార్కు సువార్త మొదటి మూడు అధ్యాయములు. వాటిలో 45, 28, 35 వచనములు, మొత్తము 108. తప్పకుండ చదివినయెడల డిసెంబరు 17కు ముగియును. రెండు మూడు దినములు తప్పినను క్రిస్మసుకు అందును. పత్రికలలోని వాక్యములు పొడవు, పిల్లలకు ఊపిరి చాలదు. మార్కులో కథ త్వరత్వరగా నడుచును, అందుకే దానిని ఎన్నుకొన్నాము. సెప్టెంబరుకు ముందు జూన్, జూలై, ఆగస్టు ఒత్తులకు. ఏప్రిల్, మే గుణింతములకు, వేసవి సెలవులలో ఊరికి పోయినయెడల అమ్మమ్మ తాతయ్యల వంతు. జనవరినుండి మార్చివరకు అక్షరములు. వాడుకలోనివి యాభై చిల్లర గనుక వారమునకు నాలుగు చొప్పున పదమూడు వారములలో అగును. పరీక్షలప్పుడు ఒక వారము ఆపినను నష్టము లేదు.

కొంచెము చదువ వచ్చిన పిల్లలకు మార్కు సువార్త మొత్తము పెట్టవచ్చును. అందులో 678 వచనములు. దినమునకు రెండు చొప్పున 339 దినములు పట్టును. సంవత్సరములో 26 దినములు మిగులును, అవి జ్వరములకు, పెండ్లిండ్లకు, ప్రయాణములకు. మన బైబిలు భాష పాతది గనుక పిల్లలు మధ్యమధ్య ఆగి అర్థము అడుగుదురు. అప్పుడు విసుగుకొనరాదు. తెలియని మాటకు "నాకూ తెలీదురా, పాస్టరుగారిని అడుగుదాం" అనుట సిగ్గు కాదు.

మిగిలిన రెండు చిన్న గురులు

వీటిని గూర్చి త్వరగా చెప్పి ముగించెదము. డబ్బు విషయములో, అప్పు ఎంత ఉన్నదో భార్యాభర్తలు ఒకే కాగితముమీద వ్రాయుట మొదటి మెట్టు. చాల ఇండ్లలో ఒకరికి తెలిసినది మరియొకరికి తెలియదు. పోస్టాఫీసు రికరింగు డిపాజిట్టు నెలకు 100 రూపాయలతో కూడ మొదలుపెట్టవచ్చును, గడువు ఐదేండ్లు. జీతము వచ్చిన దినముననే కట్టవలెను. మిగిలినప్పుడు కట్టెదమనుకొన్న ఇంట ఎన్నడును మిగులదు.

ఊరికి పోవు ప్రయాణములు క్యాలెండరుమీద ఇప్పుడే గుర్తు పెట్టుకొనుడి. 2024 నవంబరు 1నుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు 60 దినముల ముందు మాత్రమే తెరచుచున్నారు, మునుపు 120 ఉండెడిది. క్రిస్మసుకు పోవలెనంటే అక్టోబరు మూడవ వారములోనే మేలుకొనవలెను. నలువది దాటినవారు షుగరు, బీపీ పరీక్షలకు పుట్టినదినమును గుర్తు పెట్టుకొన్నయెడల మరువరు.

ఏర్పాటు చెడిపోయినప్పుడు

వలస బ్రతుకులో ఏర్పాటు చెడిపోవుట వింత కాదు. మిల్లు మూయుదురు, షిఫ్టు మార్చుదురు, ఊరినుండి చావు కబురు వచ్చును. యాకోబు తన పత్రికలో, ఫలాని పట్టణమునకు పోయి ఒక ఏడాది వ్యాపారము చేసి సంపాదించెదమని చెప్పువారిని గద్దించెను. ఈ మాట పట్టుకొని కొందరు ఏర్పాటు చేసికొనుటయే అవిశ్వాసమందురు. యాకోబు తప్పుపట్టినది ఏర్పాటును కాదు, రేపు తమ చేతిలోనే ఉన్నట్టు మాటలాడిన అతిశయమును. దేవుని చిత్తమునకు లోబడి చెప్పుమనియే ఆయన ఉద్దేశ్యము.

అందుచేత ప్రతి గురికి రెండు కొలతలు వ్రాసికొనుడి. ఒకటి మామూలు దినపు కొలత, మరియొకటి కష్టదినపు కొలత. మామూలుగా ఒక అధ్యాయమైతే కష్టదినమున ఒక వచనము. మామూలుగా నాలుగు అక్షరములైతే కష్టదినమున పాత అక్షరము ఒకటి. రాత్రి షిఫ్టు వారము వచ్చువారు గడియారపు వేళ వ్రాయవద్దు. "నిద్ర లేచి టీ త్రాగిన తరువాత" అని వ్రాయుడి. షిఫ్టు ఏదైనను నిద్ర లేచుట, టీ త్రాగుట ఉండును.

మా రేకు పెట్టెను ఇప్పుడు సండేస్కూలు సుద్దముక్కలకు వాడుచున్నాము. చీటీలు రెండేసి ప్రతులు వ్రాయించుచున్నాము. ఒకటి వ్రాసినవారి బైబిలులో, మరియొకటి వారు ఎన్నుకొన్న తోటి విశ్వాసి చేతిలో ఉండును. నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత ఆ తోటివాడు ఒక్క ప్రశ్న అడుగును: "ఎంతవరకు వచ్చింది?" ప్రసంగము చేయరాదు, మందలించరాదు. అడిగి, విని, చాయ త్రాగి వెళ్లిపోవలెను. ఈ పద్ధతిలో కూడ సగముమంది మధ్యలో ఆగిపోయినారు. పెట్టె ఉన్న దినములకంటె మాత్రము చాల మేలు.

సంవత్సరము ముగిసినను గురి ముగియకపోవచ్చును. ఒంగోలు కొండ కథ మీకు తెలిసినదే. 1853లో అమెరికాలో ఈ తెలుగు మిషనును మూసివేయుదమా అను చర్చ నడచినది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగువారు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు, ఈ ఐదుగురు ఆ కొండ ఎక్కి ఒంగోలుకు ఒక మిషనెరీ కావలెనని ప్రార్థించినారు. ఆ సంవత్సరము ఎవరును రాలేదు. మరుసటి సంవత్సరమును రాలేదు. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడినది. పన్నెండు జనవరులు గడిచినను వారు గురిని మార్చలేదు. కావున పాత చీటీలో తీరనిది ఉన్నయెడల, మాటలు మార్చక అదే మరల వ్రాయుడి. మార్చవలసినది గడియను. నిరుడు ఉదయము కుదరలేదు, ఈ యేడు రైలు పెట్టె కుదురునేమో.

తరగతిలో మాట్లాడుటకు

1. మీ నిరుటి తీర్మానము జ్ఞాపకమున్నదా? దానికి వేళ, చోటు వ్రాసితిరా?

2. మీ ఇంట్లో ప్రతిదినము తప్పక జరుగు మూడు పనులు చెప్పుడి. వాటిలో దేని ప్రక్కన పిల్లల తెలుగు చదువు పెట్టవచ్చును?

3. మీ ఇంటి పెద్దల చేతివ్రాత ఎక్కడైనను ఉన్నదా? దానిని చదువగలవారు ఇంట్లో ఎందరు?

4. నెల మొదటి ఆదివారము మిమ్మును అడుగుటకు ఎవరిని ఎన్నుకొందురు? వారి పేరు చీటీమీద వ్రాయుడి.

ఉపాధ్యాయులకు ఒక మాట: తరగతికి వచ్చునప్పుడు చీటీలు, పెన్సిళ్లు తెచ్చుకొనుడి. తెలుగు వ్రాయరానివారిని తమకు వచ్చిన అక్షరములలోనే వ్రాయనిండు.